పెళ్లయ్యాక నీట్‌: మా ఇంట్లో నా చదువుకు చోటు దొరికిన తీరు

ఇంటర్ బైపీసీ అయిన మరుసటి ఏడాదే నాకు పెళ్లయింది. సంబంధం మాట్లాడేటప్పుడు మా నాన్న అడిగింది ఒకటే: "అమ్మాయి డాక్టరు చదవాలనుకుంటోంది, మీకేమైనా అభ్యంతరమా?" మామయ్య అప్పటికప్పుడే సరేనన్నారు. ఆ మాట మీద ఆయన ఇప్పటికీ నిలబడే ఉన్నారు. కానీ చదువుకోమనడం వేరు, ఆ చదువుకి రోజులో ఇన్ని గంటలని వదిలిపెట్టడం వేరు. ఆ గంటలు నాకెలా దొరికాయో చెప్దామనే ఇది రాస్తున్నాను. నాలాంటి అమ్మాయిలు చాలామంది ఉంటారని తెలుసు.

ఎంబీబీఎస్‌లో చేరాలంటే రాయాల్సిన ప్రవేశ పరీక్షే నీట్. దాని రూల్స్ వైపు నుంచి పెళ్లయినవాళ్లకి ఏ అడ్డూ లేదు. చేరే ఏడాది డిసెంబర్ 31 నాటికి 17 నిండితే చాలు. పై వయసు పరిమితిని 2022లో తీసేశారు. ఇన్నిసార్లే రాయాలన్న లెక్క కూడా లేదు. అడ్డంతా ఇంటి గడియారంతోనే.

మా వారిది షిఫ్టు డ్యూటీ. అందరూ చెప్పినట్టే నేనూ మొదట్లో తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదవాలని టైంటేబుల్ గీసుకున్నాను. ఆయన ఎ షిఫ్టులో, అంటే ఉదయం డ్యూటీలో, ఉన్న వారం ఐదుంపావుకల్లా క్యారేజీ కట్టాలి, కాబట్టి నాలుగింటికి లేస్తే పుస్తకం కాదు, కుక్కరు ఎదురుగా ఉంటుంది. నైట్ షిఫ్టు వారం ఆయన పగలంతా నిద్రపోవాలి, ఉన్న బెడ్‌రూమ్ ఒక్కటే. అందుకని రోజుల టైంటేబుల్ తీసేసి షిఫ్టుల టైంటేబుల్ వేసుకున్నాను. ఎ షిఫ్టు వారం ఆయన వెళ్లాక ఏడింటిదాకా బయాలజీ. బి షిఫ్టు, అంటే మధ్యాహ్నం డ్యూటీ వారం తెల్లవారుజామున ఫిజిక్స్, ఎందుకంటే ఆ వారమే నాకు ఎవరూ కదిలించని రెండు గంటలు దొరుకుతాయి. నైట్ వారం రాత్రి భోజనాలయ్యాక హాల్లో కెమిస్ట్రీ. కోచింగ్ సెంటర్ల టైంటేబుల్ హాస్టల్ పిల్లల కోసం చేసింది. మనకి పనికొచ్చేది మన ఇంటి పనివేళల చుట్టూ అల్లుకున్నదే.

బయాలజీకి 360 మార్కులు, ఫిజిక్స్, కెమిస్ట్రీలకి చెరో 180. బయాలజీలో ఎన్‌సీఈఆర్‌టీ (కేంద్ర సిలబస్) పుస్తకం వాక్యం వాక్యం చదవాలని అందరూ చెప్పేదే, అది నిజమే. నా ఇంటర్ నోట్సు తీసి చూసుకుంటే జీర్ణవ్యవస్థ, మొక్కల్లో ఖనిజ పోషణ ఎంతో శ్రద్ధగా రాసుకుని ఉన్నాయి. 2024 నీట్‌కి సిలబస్ తగ్గించినప్పుడు ఆ పాఠాలు తీసేశారు. చదువు ఆగి మళ్లీ మొదలుపెట్టేవాళ్లు ముందుగా చేయాల్సింది కొత్త సిలబస్ ప్రింట్ తీసుకుని పాత నోట్సుతో సరిచూసుకోవడం.

ఫిజిక్స్‌కి మాత్రం మా వారే దిక్కు. ఆయన మెకానికల్ డిప్లొమా చదివారు. భ్రమణ చలనం దగ్గర నేను ఆగిపోయిన రాత్రి, టూల్ బాక్సులోంచి స్పానర్ తెచ్చి సైకిల్ నట్టుకి పెట్టి, "ఇక్కడ పట్టుకుని తిప్పు" అన్నారు. నట్టుకి దగ్గరగా పట్టుకుంటే కదల్లేదు. చివర పట్టుకుంటే సులువుగా తిరిగింది. "నువ్వు పెట్టే బలం అదే, దూరం పెరిగింది, టార్క్, అంటే తిప్పే ప్రభావం, పెరిగింది. అంతే." ఆ తర్వాత టార్క్ లెక్కల్లో నాకు ఫార్ములా గుర్తు తెచ్చుకోవాల్సిన పని పడలేదు.

అయితే అసలు మార్పు వచ్చింది ఆదివారం మాక్ టెస్టులతో. 2025 నుంచి పరీక్షలో 180 ప్రశ్నలూ రాయాల్సిందే, ఛాయిస్ లేదు, టైము 180 నిమిషాలు. ఒప్పుకి నాలుగు మార్కులు, తప్పుకి ఒకటి కోత. ముక్కలు ముక్కలుగా చదివే అలవాటున్న మనిషికి మూడు గంటలు కదలకుండా కూర్చోవడమే పెద్ద పరీక్ష. అసలు పరీక్ష మధ్యాహ్నం రెండు నుంచి ఐదు కాబట్టి ఆ వేళలోనే రాయాలి. ఆదివారం మధ్యాహ్నం అంటే చుట్టాలొచ్చే వేళ. నేను అత్తయ్యతో ఉన్నదున్నట్టు చెప్పాను: "అత్తయ్యా, ఆదివారం రెండు నుంచి ఐదు దాకా నేను ఇంట్లో లేననుకోండి." ఆవిడ ఏమీ అనలేదు. ఆ ఆదివారం మా వారి పిన్ని వాళ్లొచ్చారు. తలుపు వెనక జవాబులు గుర్తించే ఓఎంఆర్ షీటు మీద గుండ్రాలు నింపుతుంటే వరండాలోంచి అత్తయ్య గొంతు వినపడింది. "మా కోడలు పరీక్ష రాస్తోంది. ఐదింటికి వస్తుంది." టీ ఆవిడే పెట్టి ఇచ్చారు. "చదువుకుంటోంది" అని ఉంటే ఎవరో ఒకరు తలుపు తట్టేవాళ్లే. పరీక్ష రాస్తోందంటే ఎవరూ తట్టలేదు. అప్పటి నుంచి ఆ మూడు గంటలు ఇంట్లో అందరికీ తెలిసిన లెక్క అయిపోయాయి.

విశేషమేమైనా ఉందా అని అడిగేవాళ్లు ఎలాగూ అడుగుతారు. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ లెక్క మేమిద్దరం ముందే కూర్చుని మాట్లాడుకున్నాం. ఒకసారి మాట్లాడుకుంటే మిగతావాళ్లకి జవాబు చెప్పడం కష్టం కాదు.

కాగితాల సంగతి వివరంగా చెప్పాలి. దరఖాస్తులో పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉండాలి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చి ఆధార్ చేయిద్దామని ఇంట్లో అన్నప్పుడు మా అన్నయ్య ఆపాడు. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు. అడ్రస్ ఒక్కటే మార్చుకున్నాను. కుటుంబ పెద్దగా మా వారు తన ఆధార్‌తో ఒప్పుకుంటే ఆన్‌లైన్లోనే అయిపోతుంది, మ్యారేజ్ సర్టిఫికెట్ ఉంటే చాలు. దరఖాస్తులో అడిగేది అమ్మానాన్నల పేర్లే. కుల ధ్రువీకరణ కూడా పుట్టింటి వైపు నుంచే. పెళ్లితో కులం మారదు కాబట్టి అది నాన్న పేరు మీదే తీసుకోవాలి. కౌన్సెలింగ్‌కి స్కూలు, కాలేజీ స్టడీ సర్టిఫికెట్లు కూడా అడుగుతారు. అవన్నీ ఉండేది పుట్టింటి ఊళ్లో. సంక్రాంతికి వెళ్లినప్పుడే తెచ్చేసుకోండి, ఏప్రిల్‌లో వెళ్లాలంటే చదువు పోతుంది.

పరీక్ష రోజు గురించి ఒక్క భయం ఉండేది. నగలేవీ ఉండకూడదంటారు. సంప్రదాయ వస్తువులు వేసుకున్నవాళ్లు తనిఖీ కోసం ముందుగా రావాలని రూల్స్‌లోనే ఉంది. ముందురోజు రాత్రి అత్తయ్య నా బంగారు సూత్రాలు తీయించి, పసుపుతాడుకి పసుపు కొమ్ము కట్టి మెడలో వేశారు. గాజులు, మెట్టెలు కూడా తీసి ఆవిడ కొంగులో ముడేసుకున్నారు. "ఇక నీ దగ్గర మోగేదేమీ లేదు, వెళ్లిరా" అన్నారు. ఒంటిగంటన్నరకి గేటు మూసేస్తారు, మేం చాలా ముందే వెళ్లాం. తనిఖీ చేసే ఆవిడ తాడు చేత్తో పట్టుకుని చూసి వదిలేసింది.

2025 ఫిజిక్స్ పేపరు ఎంతమందిని ఏడిపించిందో అందరికీ తెలుసు. జూన్ 14న ఫలితాలొచ్చాయి. క్వాలిఫై అయ్యాను. ఎన్టీఆర్ వైద్య విశ్వవిద్యాలయం కన్వీనర్ కోటాకి, అంటే ర్యాంకును బట్టి తక్కువ ఫీజుతో ఇచ్చే సీట్లకి, వెబ్ ఆప్షన్లు పెట్టాను. నా ర్యాంకుకి సీటు రాలేదు. మేనేజ్‌మెంట్ కోటా ఫీజు మా తాహతుకి మించినది. ఆ రాత్రి నేను ఏడ్చాను. రెండు రోజుల తర్వాత మామయ్య భోజనాల దగ్గర, "ఈసారి దేన్లో తగ్గాయమ్మా మార్కులు?" అని అడిగారు. ఫిజిక్స్ అని చెప్పాను. "అయితే అదే చూడు" అన్నారు.

అదే చూస్తున్నాను. ఏ షిఫ్టు వారమైనా రోజుకి ఒక గంట ఫిజిక్స్ లెక్కలకే. తప్పు చేసిన లెక్కలన్నీ వేరే నోట్‌బుక్కులో రాసి, మా వారు ఇంట్లో ఉన్న పూట ఇద్దరం కలిసి మళ్లీ చేస్తాం. ఆదివారం రెండింటికి పరీక్ష మాత్రం మారలేదు.