గరాజ్‌లో పిల్స్‌నర్: మూడో విడత

జనవరి 11, శనివారం

టెక్సస్‌లోని ఆస్టిన్‌లో, ఇంట్లో లాగర్ బీరు (చల్లగా పులియబెట్టి, వారాల తరబడి చల్లబెట్టే రకం, పిల్స్‌నర్ అందులో ఒకటి) కాచాలంటే జనవరి దాటనివ్వకూడదు. కారణం కుళాయి నీళ్లు. మరుగుతున్న మాల్ట్ రసాన్ని గబగబా చల్లార్చాలి. నా దగ్గరున్నది చుట్టలు చుట్టిన రాగి గొట్టం. దాంట్లోంచి కుళాయి నీళ్లు పారుతుంటే అది రసంలోని వేడిని లాగేస్తుంది. ఆగస్టులో ఇక్కడి కుళాయిలో గోరువెచ్చటి నీళ్లే వస్తాయి, ఎంతసేపు పారించినా రసం 32 డిగ్రీల దగ్గర మొరాయిస్తుంది. ఇవాళ అరగంటలో 19కి దిగింది. మిగతాది ఫ్రీజర్ చూసుకుంటుంది.

మొదటి రెండు విడతలూ పాడయ్యాయి. మొదటిది హెలెస్ (లేత రంగు జర్మన్ లాగర్). సినిమా హాల్లో పాప్‌కార్న్ మీద పోసే వెన్న వాసన వచ్చింది. వేడి కొలిచే టెంపరేచర్ కంట్రోలర్ తీగను బీరు పులిసే డబ్బాకి అంటించకుండా ఫ్రీజర్‌లో గాల్లో వేలాడదీశాను. గాలి 11 డిగ్రీలుంటే లోపల బీరు 16 ఉంది. రెండోది అడుగంటింది. ఆ కథ కింద చెప్తాను.

కొలతలు, ఎవరికైనా పనికొస్తాయని: 20 లీటర్ల బీరుకి 4.3 కిలోల జర్మన్ పిల్స్‌నర్ మాల్ట్ (బాంబెర్గ్‌లోని వైయర్‌మన్ వాళ్లది), 120 గ్రాముల పుల్లటి మాల్ట్. మాల్ట్ అంటే ఏదో అనుకోనక్కర్లేదు, మనం రాగి మాల్ట్‌కి రాగుల్ని మొలకెత్తించి ఆరబెట్టినట్టే బార్లీని చేస్తారు. పుల్లటి మాల్ట్ ఎందుకంటే మాష్ (వేడి నీళ్లలో నానుతున్న మాల్ట్) పీహెచ్, అంటే పులుపు కొలత, 5.3 దగ్గరికి రావాలి. లాక్టిక్ యాసిడ్ రెండు చుక్కలు వేస్తే సరిపోతుంది కానీ, 1516 నాటి బవేరియా కట్టడి ప్రకారం బీరులో బార్లీ, హాప్స్ (చేదు, వాసన ఇచ్చే పూలు), నీళ్లు తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఆ రూల్‌ని మన్నిస్తూనే పులుపు తెచ్చుకోవడానికి జర్మన్లు పట్టిన దారి ఇది. గరాజ్‌లో నన్ను అడిగేవాళ్లెవరూ లేరు. అయినా సరదా. కానీ సరదాకీ ఓ హద్దుంది, సూపర్ మార్కెట్‌లో పట్టుకొచ్చిన ఆర్వో నీళ్లలో 4 గ్రాముల కాల్షియం క్లోరైడ్ మాత్రం మానలేదు.

ఇక డికాక్షన్. కాఫీ డికాక్షన్ కాదు. నానుతున్న మాల్ట్‌లో మూడో వంతు తీసి, విడిగా గిన్నెలో ఉడకబెట్టి, మళ్లీ మొత్తంలో పోయడం. థర్మామీటర్లు లేని రోజుల్లో వేడి కొలిచి పెంచడానికి ఇదో ఉపాయం. ఇప్పుడు ఆ అవసరం లేదు, చాలామంది మానేశారు. మా ఊళ్లో లైవ్ ఓక్ వాళ్లు మానలేదు. 1997లో పెట్టిన బ్రూవరీ అది, ఇప్పుడు విమానాశ్రయం దగ్గరుంది. వాళ్ల పిల్స్ తరహాకి చెక్‌దే, కానీ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే అప్పుడే కోసిన బ్రెడ్డు అంచు వాసన వస్తుంది. నన్ను ఈ పిచ్చిలోకి దింపింది ఆ వాసనే. మాల్ట్‌ని ఉడికిస్తే ఆ వాసన వస్తుందని కొందరు, మంచి మాల్ట్ వాడితే చాలు ఈ చాకిరీ వృథా అని కొందరు. నేను మొదటి పార్టీ.

63 డిగ్రీల దగ్గర 35 నిమిషాలు నానాక, జల్లి గరిటెతో చిక్కటి భాగం ఆరు లీటర్లు తీశాను. దాన్ని ముందు 71 డిగ్రీలకు తెచ్చి పావుగంట ఆపాలి. లోపలి ఎంజైములు పిండిని చక్కెరగా మార్చే పని అక్కడే ముగించుకుంటాయి, ఒకసారి మరిగితే అవి చచ్చిపోతాయి. పోయినసారి నేను తొందరపడి ఒకేసారి మంట పెంచాను. ఉడుకుతున్న మాల్ట్ చూడటానికి రాగి సంకటిలాగే ఉంటుంది, బుడగ లేచి టప్పున పేలి చేతి మీద పడుతుంది, గుణం కూడా అదే. ఒక్క నిమిషం తెడ్డు ఆపితే అడుగు పడుతుంది. అప్పుడు ఫోన్ మోగితే తీశాను. అంతే, ఆ మాడు వాసన ఆరు వారాలు చల్లబెట్టినా పోలేదు. ఈసారి ఫోన్ లోపల పెట్టేశాను. గిన్నెలో ముందు లీటరు వేడి నీళ్లు పోసి, దాని మీద మాల్ట్ వేసి, మంట సగానికి తగ్గించి, చెక్క తెడ్డుతో అడుగు గీకుతూ 25 నిమిషాలు కలిపాను. మరిగింది పది నిమిషాలే. గింజల రంగు గోధుమ నుంచి తేనెకి మారింది. తిరిగి పోశాక 72 రావాలి, 69 దగ్గర ఆగింది. రెండు లీటర్ల మరిగే నీళ్లు పోసి సరిచేశాను. నా మాష్ డబ్బా ప్లాస్టిక్ కూలర్, కింద మంట పెట్టే వీల్లేదు. కాబట్టి పక్కన మరిగే నీళ్లు రెడీగా ఉంచుకోండి.

తర్వాత 90 నిమిషాలు మూత లేకుండా మరిగించడం. మూత పెడితే పిల్స్‌నర్ మాల్ట్ నుంచి వచ్చే ఉడికిన మొక్కజొన్న వాసన లోపలే ఉండిపోతుంది. చేదుకి మాగ్నమ్ హాప్స్ 20 గ్రాములు మంట ఆపడానికి గంట ముందు, వాసనకి హాలర్‌టావ్ మిట్టెల్‌ఫ్రూ 28 గ్రాములు చివరి పావుగంటలో, టెట్‌నాంగ్ 28 గ్రాములు చివరి ఐదు నిమిషాల్లో. రసంలో చక్కెర ఎంతుందో చెప్పే హైడ్రోమీటర్ 1.048 చూపించింది.

నాన్న వీడియో కాల్‌లో ఇదంతా చూసి, "ఏరా, ఇంట్లోనే సారా కాస్తున్నావా? పోలీసులు పట్టుకోరూ?" అన్నారు. పట్టుకోరు. 1978లో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టం ఉంది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా సొంతానికి కాచుకోవచ్చు, అమ్మకూడదంతే. "రెండొందల గ్యాలన్లా!" అని ఆయన చాలాసేపు ఆ అంకె దగ్గరే ఆగిపోయారు.

రాత్రి పదకొండుకి రసం 11 డిగ్రీలకు దిగింది. అప్పుడే ఈస్ట్ వేశాను. డబ్ల్యూ-34/70 అనే లాగర్ ఈస్ట్, రెండు ప్యాకెట్లు, 23 గ్రాములు. మొదటి విడతలో పిసినారితనంతో ఒక్కటే వేశాను. చల్లటి రసానికి ఈస్ట్ ఎక్కువ కావాలి, చలికాలం ఇడ్లీ పిండి పులవక మనం పడే అవస్థే ఇక్కడా. కంట్రోలర్ తీగని డబ్బాకి ఆనించి, పైన మడిచిన గుడ్డ పెట్టి టేపు వేశాను.

జనవరి 15

మా ఆవిడ గరాజ్ తలుపు తీసి, "ఇక్కడ గుడ్లు ఉడకబెట్టావా ఏంటి?" అంది. గంధకం వాసన. లాగర్ ఈస్ట్‌కి మామూలే, చల్లబెట్టే రోజుల్లో పోతుంది. రెండు రోజులు కారు బయటే పెట్టుకున్నాం.

జనవరి 19

హైడ్రోమీటర్‌లో 1.020. ఫ్రీజర్‌ని 16 డిగ్రీలకు పెంచాను. వెన్న వాసనకి మందు ఇదే. డయాసిటైల్ అనే ఆ పదార్థం ఈస్ట్ పనిలో ఉండగా ఎలాగూ పుడుతుంది, చివర్లో కాస్త వెచ్చగా ఉంచితే ఈస్టే దాన్ని తినేస్తుంది.

జనవరి 23

1.009 దగ్గర ఆగింది. లెక్కేస్తే ఆల్కహాల్ 5.1 శాతం. పరీక్ష: రెండు చిన్న గ్లాసుల్లో బీరు, ఒకటి మూతపెట్టి 60 డిగ్రీల నీళ్లలో 20 నిమిషాలు, ఇంకొకటి అలాగే. చల్లారాక రెండూ వాసన చూడాలి. వేడి చేసినదాంట్లో వెన్న తగిలితే బీరు ఇంకా సిద్ధం కాలేదని అర్థం. ఏమీ తగల్లేదు. నా ముక్కు మీద నమ్మకం చాలక మా అమ్మాయితో కూడా వాసన చూపించాను. "బ్రెడ్" అంది.

కెగ్‌లోకి (గ్యాస్ పట్టే స్టీలు పీపా) మార్చాను, గాలి తగలకుండా కార్బన్ డయాక్సైడ్‌తో తోసి. రోజుకి రెండేసి డిగ్రీలు తగ్గిస్తూ నెలాఖరుకి 1 డిగ్రీకి తేవాలి. ఆ తర్వాత ఐదు వారాలు ముట్టుకోకూడదు.

ఫిబ్రవరి 16

ముట్టుకోలేదు. ఊరికే ఉండలేక షైనర్ అనే ఊరు వెళ్లొచ్చాం, గంటన్నర డ్రైవ్. 1909లో అక్కడి జర్మన్, చెక్ వలసదారులు పెట్టుకున్న బ్రూవరీ, తర్వాత బవేరియా నుంచి వచ్చిన కాస్మోస్ స్పెట్జిల్ చేతికొచ్చింది. మద్యనిషేధం కాలంలో ఐసు, ఆల్కహాల్ లేని బీరు అమ్ముకుని నిలబడ్డారు. వాళ్ల బాక్ అనే లాగర్‌లో ఆల్కహాల్ 4.4 శాతమే, జర్మనీలో బాక్ అంటే ఆరు దాటాల్సిందే. పేరు జర్మనీది, ఒళ్లు టెక్సస్ ఎండది. నాకైతే అందులో తప్పు కనిపించదు.

ఇంకో రకం వాళ్లుంటారు, జర్మనీలోనే చదువుకుని వచ్చి అమెరికాలో మొదలుపెట్టినవాళ్లు. పెన్సిల్వేనియాలో విక్టరీ బ్రూవరీ పెట్టిన రాన్ బార్చెట్, బిల్ కొవలెస్కీ అలాంటివాళ్లే. వాళ్ల ప్రైమా పిల్స్‌లో హాప్స్ ఘాటు మామూలు జర్మన్ పిల్స్ కంటే ఓ మెట్టు పైనే. మసాచుసెట్స్‌లో ముగ్గురు అన్నదమ్ములు 2011లో పెట్టిన జాక్స్ అబ్బీ బ్రూవరీ లాగర్ల మీదే నిలబడింది. దేశమంతా ఐపీఏ (హాప్స్ దండిగా వేసే బీరు) వెంట పరిగెడుతున్న రోజుల్లో అది మొండి ధైర్యం. ఐపీఏలో చిన్న తప్పుంటే హాప్స్ కప్పేస్తాయి, గోంగూర పచ్చడిలో ఉప్పు కాస్త ఎక్కువైనా సర్దుకున్నట్టు. పిల్స్‌నర్ చారు లాంటిది. పోపు మాడితే మొదటి గుటకలోనే తెలుస్తుంది.

మార్చి 8

తాగాం. 3 డిగ్రీల దగ్గర 12 పీఎస్‌ఐ ఒత్తిడితో గ్యాస్. మొదటి గ్లాసు మురికిగా వస్తుంది, అడుగున పేరుకున్న ఈస్ట్ అది, పారబోయండి. రెండోది ఎండలో పెడితే వెనకున్న కంచె చెక్కలు లెక్కపెట్టొచ్చు.

డెన్వర్‌లో బియర్‌స్టాట్ బ్రూవరీ వాళ్ల స్లో పోర్ పిల్స్ వంచిన పద్ధతిలో వంచాను. సగం గ్లాసు నురగ వచ్చేలా పోసి వదిలేయాలి, దిగాక మళ్లీ పోయాలి, ఇంకోసారి ఆగాలి. ఐదు నిమిషాలు పడుతుంది. గ్యాస్ కొంత పోయి గొంతులో మెత్తగా దిగుతుంది, నురగ గ్లాసు అంచు దాటి టోపీలా నిలబడుతుంది. మా వీధిలో ఉండే గుంటూరు తమ్ముడు ఆ ఐదు నిమిషాలూ ఓపిక పట్టి, ఒక గుటక వేసి, "అన్నా, బాగుంది. కానీ ఇందులో ఏముందని రెండు నెలలు?" అన్నాడు. రెండో గ్లాసుకి మాత్రం తనే వెళ్లి వంచుకున్నాడు, ఆగకుండా. ముప్పావు నురగే.

నా మార్కులు: మాల్ట్ వాసన వచ్చింది, లైవ్ ఓక్ అంత లేదు. వెన్న లేదు, మాడు లేదు, గంధకం ఆనవాలు కొంచెం. చేదు నాలిక మీద ఇంకాస్త ఆగితే బాగుండేది. వచ్చేసారి మాగ్నమ్ 24 గ్రాములు, టెట్‌నాంగ్‌ని మంట ఆపాక వేస్తాను.

వచ్చేసారి అంటే వచ్చే జనవరే. ఇవాళ కుళాయి నీళ్లు చూస్తే 21 డిగ్రీలున్నాయి. ఈలోపు హెఫెవైజెన్ (జర్మన్ గోధుమ బీరు) కాస్తాను. ఆ ఈస్ట్ 18 డిగ్రీల్లోనే పనిచేస్తుంది, అరటిపండు, లవంగం వాసన తనే పుట్టిస్తుంది, నెలల తరబడి కాపలా ఉండక్కర్లేదు. గోధుమ మాల్ట్ రెండున్నర కిలోలు ఆర్డర్ పెట్టాను. గోధుమకి పొట్టు ఉండదు కాబట్టి వడపోత జిగురు పట్టి ఆగిపోతుందట, అరకిలో వరి ఊక కూడా కలిపి తెప్పిస్తున్నాను.