ఎండ కాస్తున్నా మూసీ పొంగుతుంది

మా ఇల్లు హైదరాబాద్ చాదర్‌ఘాట్‌లో, మూసీ వైపు దిగే గల్లీలో ఉంది. ఇక్కడ మాకు వాన కంటే గేట్లు ఎత్తారన్న వార్తకే టెన్షన్ ఎక్కువ. వికారాబాద్ వైపు పడ్డ వాన గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలకు చేరుతుంది. అవి నిండి నీళ్లు వదిలితే బాపూఘాట్, పురానాపూల్ దాటుకుని మా దాకా వస్తాయి. అప్పటికి మా దగ్గర ఎండ కాస్తున్నా సరే. 1908 సెప్టెంబరులో వేలమందిని పొట్టన పెట్టుకున్న వరద తర్వాతే ఆ రెండూ కట్టారు. కానీ వాటికీ ఒక హద్దుంటుంది కదా.

గేట్ల కబురు తెలియగానే ముందు అమ్మను పై అంతస్తులో ఖాలా వాళ్లింటికి పంపేస్తాం. మోకాళ్ల నొప్పులున్న మనిషిని నీళ్లొచ్చాక మెట్లెక్కించడం ఎంత కష్టమో చూసినవాళ్లకే తెలుసు. ఆమె బీపీ మాత్రలు, ఇంటి కాగితాలు, ఆధార్ కార్డులు ప్లాస్టిక్ కవర్లో కట్టి ఆమెతోనే పంపుతాం. ఆ తర్వాత గ్యాస్ సిలిండర్ వాల్వ్ కట్టేసి, కరెంటు మెయిన్ ఆఫ్ చేస్తాం. ఇది ఇల్లు పొడిగా ఉండగానే చేయాలి. కాళ్ల కింద నీళ్లుంటే మాత్రం బోర్డు జోలికి పోవద్దు.

ఇంకొకటి, చేతులు జోడించి అడుగుతున్నా. గల్లీలో నీళ్లు పోవడం లేదని మ్యాన్‌హోల్ మూతలు తీయకండి. మురికి నీళ్ల కింద ఆ గుంత ఎవరికీ కనపడదు. వెనకాలే బడి నుంచి పిల్లలు వస్తుంటారు.

నీళ్లు తీశాక అందరూ ఇల్లు కడిగే హడావిడిలో ఉంటారు. నన్నడిగితే ముందు చూడాల్సింది సంపు. వరద నీళ్లు, డ్రైనేజీ నీళ్లు కలిసి అందులోకే దిగుతాయి. పైకి తేటగా కనిపించినా నమ్మొద్దు. మొత్తం తోడించి, గోడలు రుద్ది, బ్లీచింగ్ వేసి కడిగించాలి. అందాకా తాగడానికీ వంటకూ బయటి మంచినీళ్లే. అవి కూడా బాగా మరగనివ్వాలి. తడిసిన మోటారు, ఫ్రిజ్ స్విచ్ వేసి చూద్దామనుకోవద్దు, ఎలక్ట్రీషియన్ రావాల్సిందే.

బురద ఎత్తేటప్పుడు బూట్లు వేసుకోండి. కొన్నాళ్లకు జ్వరం, ఒళ్లునొప్పులు వస్తే, వరద నీళ్లలో తిరిగామని డాక్టరుకు తప్పక చెప్పండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కూడా మామూలు జ్వరంలాగే మొదలవుతుంది. మీరు చెబితేనే డాక్టరుకు ఆ అనుమానం వస్తుంది.