"అటెన్షన్ కోసమే" అనకండి, దయచేసి

నాకు బాగా తెలిసిన ఒక అమ్మాయి పదమూడో ఏట నుంచి తనను తాను గాయపరచుకుంటోందని ఆమధ్య ఇంట్లో బయటపడింది. వెంటనే ఒక పెద్దాయన నోటి నుంచి వచ్చిన మాట, "అటెన్షన్ కోసమే ఇదంతా". ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. నలుగురి దృష్టిలో పడాలనుకున్న పిల్ల ఏడాదికి పైగా ఎవరికంటా పడకుండా ఎందుకు దాచుకుంటుంది?

చచ్చిపోవాలనే ఉద్దేశం లేకుండా ఇలా చేసుకోవడం ఎక్కువగా 12-14 ఏళ్ల మధ్య మొదలవుతుంది. రకరకాల దేశాల అధ్యయనాలు కలిపి చూస్తే టీనేజ్ పిల్లల్లో సుమారు 17 శాతం మంది ఒక్కసారైనా చేసుకున్నవాళ్లే.

ఎందుకని అడిగితే పిల్లలు ఎక్కువగా చెప్పేది, లోపలి బాధ తట్టుకోలేక అని. కోపం, సిగ్గు, టెన్షన్, ఒంటరితనం అన్నీ ఒక్కసారే ముంచుకొస్తాయి, అందులో ఏది ఏదో చెప్పుకోవడానికి మాటలు కూడా దొరకవు, పైగా ఆవేశాన్ని అదుపు చేసే మెదడు ముందుభాగం ఇరవై దాటాక గానీ పూర్తిగా ఎదగదు. ఆ క్షణంలో నొప్పి మనసును కాసేపు పక్కకు లాగుతుంది. కాసేపే. తర్వాత సిగ్గు, అపరాధభావం వచ్చి మొదటి బాధ మీద కూర్చుంటాయి, మళ్లీ అదే దారి, అలా అలవాటైపోతుంది. కొందరికి బాధ కూడా తెలియనంత మొద్దుబారినట్టు ఉంటుంది, కొందరు తమను తాము శిక్షించుకుంటారు. సాయం కోసం చేసేవాళ్లూ ఉంటారు, కాదనను, కానీ మామూలుగా చెప్పినప్పుడు ఎవరైనా విని ఉంటే అంతదాకా వచ్చేదా?

మానసిక సమస్యలను గుర్తించడానికి డాక్టర్లు వాడే అమెరికన్ పుస్తకం డీఎస్ఎమ్-5, 2013లో వచ్చింది, అది ఇలా గాయపరచుకోవడాన్ని ఆత్మహత్యాయత్నం నుంచి వేరు చేసి, ఇంకా అధ్యయనం చేయాల్సిన సమస్యగా పెట్టింది. అలాగని తేలిగ్గా తీసుకోకూడదు, ఇలాంటి పిల్లల్లో తర్వాత ఆత్మహత్యాయత్నం చేసే ప్రమాదం ఎక్కువ. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఆ అమ్మాయి విషయంలో వాళ్లమ్మ మొదట ఏడ్చింది, అరిచింది, ఇంకెప్పుడూ చేయనని ఒట్టు వేయించుకుంది. ఒట్టు నిలవలేదు, దాచడం మాత్రం పెరిగింది. తర్వాత సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్లారు, డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అనే మాటల చికిత్సలో, గాయపరచుకోవాలనే ఆ ఉధృతి వచ్చినప్పుడు దాన్ని ఎలా దాటాలో నేర్పిస్తున్నారు. మొన్న ఓ రాత్రి తనే వచ్చి, "అమ్మా, ఇవాళ బాలేదు, నా పక్కన పడుకో" అందట.