మిద్దెతోట మిరపలో పూత రాలుడు: వేసవి నమోదులు

మార్చి రెండో వారం: బకెట్లలో పెంచుతున్న మిరపకు పూత విరగబూసింది గాని, పిందె కట్టకముందే సగానికి పైగా రాలిపోతోంది. రాలిన పూలను ఏరి భూతద్దంతో చూస్తే కాడ ఎక్కడా చిరగలేదు. కొమ్మకు అతుక్కునే చోట బ్లేడుతో కోసినంత నున్నగా ఊడివచ్చింది. గాలికి తెగిన పూవు అలా ఉండదు. ఆ అతుకు దగ్గరున్న సన్నని కణాల పొర, పూవు నుంచి ఆక్సిన్ అనే పెరుగుదల హార్మోన్ అందుతున్నంత కాలం గట్టిగానే ఉంటుంది. ఎండ ముదిరి, వేళ్లకు తడి చాలక, ఆక్సిన్ తగ్గి, రాలుడును పెంచే ఇథిలీన్ అనే వాయు హార్మోన్ పెరిగినప్పుడు ఆ కణాల మధ్య పట్టు సడలి, మొక్క తానే పూవును వదిలించుకుంటుంది.

మూడో వారం: ఒక వరుసకు మందేమీ చల్లకుండా, పైన 50 శాతం నీడనిచ్చే వల కట్టి, రెండు పూటలా కొద్దికొద్దిగా నీరు పోస్తున్నాను. రెండో వరుస ఎండలోనే ఉంది. దానికి ప్లానోఫిక్స్, అంటే కృత్రిమ ఆక్సిన్ అయిన నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లం 4.5 శాతం ఉన్న మందు, 4.5 లీటర్ల నీటికి 1 మి.లీ. చొప్పున కలిపి సాయంత్రం పిచికారీ చేశాను. ఇది 10 పీపీఎం (పది లక్షల పాళ్లలో 10 పాళ్లు) అవుతుంది. సీసా మూతతో కొలిచే అలవాటు ఇక్కడ పనికిరాదు, సిరంజి ఉండాల్సిందే. విడిగా పెట్టిన ఒక మొక్కకు మాత్రం, ఏమవుతుందో చూడాలని కావాలనే నాలుగింతల మోతాదు ఇచ్చాను.

ఏప్రిల్ మొదటి వారం: ఆ మొక్కలో లేత ఆకుల కాడలు కిందికి వంగి, ఆకులు మెలితిరిగాయి. చూడగానే నల్లి (ఆకు రసం పీల్చే అతి చిన్న పురుగు) వల్ల వచ్చే కింది ముడత అనిపిస్తుంది, అనవసరంగా నల్లి మందు కొట్టేది ఇలాంటప్పుడే. ఆకు అడుగున వెతికితే నల్లి ఒక్కటీ లేదు. పూత కూడా మునుపటికంటే ఎక్కువ రాలింది, ఎందుకంటే ఆక్సిన్ మితిమీరితే మొక్కలో ఇథిలీన్ తయారీ ఊపందుకుంటుంది. కలుపుమందైన 2,4-డి కూడా ఆక్సిన్ కోవలోదే. అది కొట్టిన పంపును సరిగా కడగకుండా పత్తికో టమాటాకో వాడితే ఆకులు వికారమయ్యేది అందుకే.

ఏప్రిల్ మూడో వారం: రెండు వరుసల్లోనూ పిందె దాదాపు సమానంగా నిలిచింది. అయితే మందు వరుసలో కొన్ని కాయలు పొట్టిగా, వంకరగా ఉన్నాయి; చీల్చి చూస్తే గింజలు నామమాత్రం. ఎండకు పుప్పొడి చెడితే మందు పూవును నిలబెడుతుందేమో గాని గింజ కట్టించలేదు, కాయ పెరుగుదలకు కావలసిన ఆక్సిన్ ఎక్కువగా వచ్చేది ఆ గింజల నుంచే. కాబట్టి నా ఓటు వలకే. ఈ వారం రెండో వరుసకూ వల కడుతున్నాను. ప్లానోఫిక్స్‌ను, వల కింద కూడా పూత రాలితేనే వాడతాను.