బ్రాంప్టన్ తరగతిలో ప్రెజెంట్ పర్‌ఫెక్ట్

కెనడాకు కొత్తగా వచ్చిన పెద్దవాళ్లకు అక్కడి ఫెడరల్ ప్రభుత్వం 1992 నుంచి ఉచితంగా ఇంగ్లీషు నేర్పిస్తోంది. లింక్ అని పిలిచే ఆ తరగతుల్లో ఒకదానికి టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌లో నేను పాఠం చెబుతాను. భాష ఎంత వచ్చిందో కొలవడానికి ఇక్కడ 12 మెట్ల బెంచ్‌మార్క్ ఉంది. 18 నుంచి 54 ఏళ్ల మధ్యవారికి పౌరసత్వం కావాలంటే వినడంలో, మాట్లాడటంలో నాలుగో మెట్టు చాలు. నా తరగతి అయిదో మెట్టుది, అంటే పౌరసత్వానికి సరిపడా ఇంగ్లీషు వచ్చి, ఉద్యోగానికి ఇంకా సరిపోనివాళ్లది.

ఈ కార్యక్రమంలో పాఠాలన్నీ నిత్యజీవితంలోని పనుల చుట్టూ తిరుగుతాయి. క్లినిక్‌కు ఫోన్ చేయడం, ఇంటి యజమానికి ఫిర్యాదు రాయడం, ఇంటర్వ్యూలో జవాబు చెప్పడం వంటివి ముందు వస్తాయి, వ్యాకరణం వాటికి అవసరమైనంత మేరకే వస్తుంది. పద్ధతి మంచిదే. అయినా మావాళ్లు ‘టీచర్, గ్రామర్’ అని అడగడం మానరు. సూత్రం, ఉదాహరణ, అభ్యాసం అనే వరుసలో చదువుకున్నవాళ్లకు సూత్రం చేతికి రాకపోతే పాఠం జరిగినట్టే అనిపించదు. జిల్లాపరిషత్తు హైస్కూల్లో టెన్సుల పట్టిక వల్లెవేసి ఇంగ్లీషు నేర్చుకున్న నాకు ఆ కోరిక వింతగా తోచదు.

ఇంటర్వ్యూ పాఠంలో భాగంగా ఆ రోజు ప్రెజెంట్ పర్‌ఫెక్ట్ (‘ఐ హావ్ లివ్డ్’ లాంటి, హావ్‌తో వచ్చే క్రియారూపం) చెప్పాలి. ముందుగా అందరినీ తమ గురించి ఒక్కో వాక్యం రాయమన్నాను. ‘ఐ యామ్ లివింగ్ ఇన్ కెనడా సిన్స్ 2022’ అన్న తరహా వాక్యం ఉక్రెయిన్ ఆవిడ కాగితంలోనూ ఉంది, పంజాబీ దంపతుల కాగితాల్లోనూ ఉంది, ఇరాన్ నుంచి వచ్చిన కుర్రవాడి కాగితంలోనూ ఉంది. ఉక్రేనియన్‌లో, పారసీకంలో, అరబిక్‌లో, మనం ‘రెండేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను’ అన్నట్టే, మొదలై ఇంకా సాగుతున్న పనికి వర్తమానకాలమే వాడతారు. కెనడా రెండో అధికార భాష అయిన ఫ్రెంచిలోనూ అంతే. ఇంగ్లీషు మాత్రం అక్కడ ‘ఐ హావ్ లివ్డ్’ అనమంటుంది. ఇంతమంది ఒక పక్కన ఉండగా ఇంగ్లీషే దారి తప్పినట్టు కనిపిస్తుంది, ఆ మాటే తరగతిలో చెప్పాను. అది తమ తెలివితక్కువతనం కాదని తెలిశాక వాళ్లు సూత్రాన్ని కాస్త నిమ్మళంగా విన్నారు.

అసలు చిక్కు సిరియాలోని హోమ్స్ నగరం నుంచి వచ్చిన ఒకాయన కాగితం దగ్గర వచ్చింది. ‘ఐ యామ్ ఫార్మసిస్ట్ సిన్స్ నైన్ ఇయర్స్’ అని రాశారు. సిన్స్ తీసి ఫర్ పెట్టడం తేలికే. కానీ ఒంటారియోలో ఫార్మసిస్ట్ అన్న హోదాను కాలేజ్ ఆఫ్ ఫార్మసిస్ట్స్‌లో నమోదైనవాళ్లే వాడుకోవాలి (పేరు కాలేజీ అయినా అది చదువు చెప్పదు, లైసెన్సులిస్తుంది). కాబట్టి ‘ఐ యామ్’ అనే హక్కు ఆయనకు ఇంకా లేదు. ‘ఐ హావ్ వర్క్‌డ్ ఫర్ నైన్ ఇయర్స్’ అంటే ఇప్పటికీ ఆ పనిలోనే ఉన్నారని అవతలివాళ్లు అనుకోవచ్చు. ఇక మిగిలింది ‘వర్క్‌డ్’ ఒక్కటే. ఆయన దాన్ని రాసి, కొట్టేసి, ‘టీచర్, ఇది అయిపోయింది అన్నట్టుంది’ అన్నారు. వ్యాకరణం ప్రకారం ఆయన అర్థం చేసుకున్నది నూటికి నూరుపాళ్లు సరైనది కనుక, కాదని చెప్పడానికి నాకు వీల్లేకపోయింది. చివరికి బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా కలిసి వాక్యాన్ని పొడిగించారు. హోమ్స్‌లో తొమ్మిదేళ్లు ఫార్మసిస్టుగా చేశాను అన్నది సింపుల్ పాస్ట్‌లో ఉంచి, జనవరి నుంచి లైసెన్సు పరీక్షలకు చదువుతున్నాను అన్నదానికి ‘ఐ హావ్ బీన్ స్టడీయింగ్’ తగిలించారు. పట్టికలో వేర్వేరు గళ్లలో ఉండే ఆ రెండు రూపాలకు ఇంతకంటే మంచి ఉదాహరణ నా దగ్గర లేదు. ఇంటర్వ్యూ పాఠం ఎప్పుడు వచ్చినా గీతలు గీసి కాలరేఖ చూపించడానికి ముందే ఇప్పుడు ఈ తరహా వాక్యాలతో మొదలుపెడుతున్నాను.

సూత్రం అంతటితో కుదుటపడలేదు. రాత్రి షిఫ్టులో గోదాములో పనిచేసే ఒకతను, మా సూపర్‌వైజర్ ఇక్కడే పుట్టినవాడు, అతను ‘డిడ్ యూ ఫినిష్ యెట్’ అంటాడు, ‘హావ్ యూ ఫినిష్డ్’ అనడు, అతనిది తప్పా అని నిలదీశాడు. ఉత్తర అమెరికాలో మాటల్లో యెట్, ఆల్‌రెడీ పక్కన సింపుల్ పాస్ట్ మామూలేనని, రాతలోనూ పరీక్షలోనూ మాత్రం హావ్ పెట్టమని చెప్పాను. అతను నోటుపుస్తకంలో గీత గీసి ఒక పక్క ‘సూపర్‌వైజర్’ అనీ, రెండో పక్క ‘టీచర్’ అనీ రాసుకుని, వాట్సాప్‌లో పంపే మెసేజీ ఏ పక్కకు వస్తుందని అడిగాడు. దాని మీద తరగతి రెండుగా చీలి, మిగిలిన పావుగంటా ఇంగ్లీషులోనే వాదించుకున్నారు.