టీచరమ్మకు ఉద్యోగమొచ్చింది

19 నవంబరు 2024, మంగళవారం

పొద్దున తుంగతుర్తి బస్సులో సీటు దొరికింది. ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ కొడుతూ కండక్టరమ్మ "కొత్తగొచ్చిండ్రా మేడం? మొదటి ఉద్యోగమా?" అంది. అవునన్నాను. డీఎస్సీ పరీక్షలో సర్కారు టీచర్ ఉద్యోగం వచ్చినప్పటి నుంచి అందరికీ ఇదే చెబుతున్నాను, చెప్పిన ప్రతిసారీ లోపల కొంచెం చిరాకు.

ఇన్నేళ్లూ నేను ఖాళీగా కూర్చోలేదు కదా! ప్రైవేటు స్కూల్లో ఎల్‌కేజీ పిల్లలకు అక్షరాలు దిద్దించడం దగ్గర్నుంచి ఐదో తరగతి లెక్కల దాకా అన్నీ చెప్పాను. జీతం పది నెలలకే. మే ఎండలో పాంప్లెట్లు పట్టుకుని అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరిగినందుకు పైసా లేదు. అయినా చుట్టాలెవరైనా అడిగితే అమ్మ "డీఎస్సీకి ప్రిపేర్ అయితుంది" అనేది తప్ప, బిడ్డ టీచరని చెప్పేది కాదు. 2021లో కరోనాతో బడులు మూతపడ్డప్పుడు ప్రైవేటు టీచర్లకు ప్రభుత్వం నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. టీచర్‌గా నా పేరు సర్కారు కాగితం మీదికి ఎక్కింది మొదట అప్పుడే, బియ్యం కోసం.

మొన్న అక్టోబరు 9న ఎల్‌బీ స్టేడియంలో పదివేల మందితో పాటు నాకూ నియామక పత్రం అందింది. తెల్లారితే సద్దుల బతుకమ్మ. అమ్మ బతుకమ్మ కన్నా ముందు వాడంతా తిరిగి "మా బిడ్డకు కొలువొచ్చింది" అని చెప్పొచ్చింది. జీతం మాత్రం ఇంకా పడలేదు. ఎంప్లాయీ ఐడీ రావాలట, పింఛను ఖాతాకు ప్రాన్ నంబరు రావాలట. "ఫస్ట్ జీతం ఏం చేసినవే?" అని అడిగేవాళ్లకు ఇదంతా ఎక్కడ విప్పి చెప్పను?

సర్కారు ఇంటింటి కుటుంబ సర్వే మా టీచర్లతో చేయిస్తోంది కాబట్టి ప్రైమరీ స్కూళ్లు ఒంటిగంట వరకే. మా బడిలో ఇద్దరం టీచర్లం, ఐదు తరగతులు. ఒకటి, రెండు నావి. సార్ అటు మూడు తరగతులు ఒకే గదిలో చూసుకుంటారు. హాజరుకు పిల్లల ముఖాలు ఫోన్‌లో ఫొటో తీయాలి. గదిలో సిగ్నల్ ఉండదు, అందరినీ గేటు దగ్గరికి తీసుకెళ్లాను. లోపలికి తెచ్చేసరికి ఇద్దరు తక్కువ. పక్క సందులో కుక్కపిల్లలు పుట్టాయని చూడ్డానికి పోయారు. డీఎస్సీలో నూట అరవై ప్రశ్నలకు జవాబులు పెట్టాను, పిల్లల ఆలోచన ఎట్లా ఎదుగుతుందో పియాజే చెప్పిన దశలన్నీ నిద్రలో లేపినా చెబుతాను. ఇలాంటప్పుడు పనికొచ్చింది మాత్రం ప్రైవేటు బడిలో నేర్చుకున్నదే: అరవకుండా బోర్డు మీద ఒక బొమ్మ మొదలుపెట్టి, సగంలో ఆపడం. కుక్కపిల్లను గీసి తోక వదిలేశాను. "టీచర్, తోక!" అంటూ అందరూ వచ్చి కూర్చున్నారు. ఆ తోకతోనే 'త'కు ఓత్వం చెప్పాను. పిల్లల్ని లోపలికి తెచ్చినందుకు నాకు నేనే ఓ మార్కు వేసుకున్నా, డీఎస్సీలో ప్రశ్నకు అర మార్కే కాబట్టి ఆ లెక్కన అర మార్కు.

మధ్యాహ్నం అన్నం తిని సర్వే ఫారాలు పట్టుకుని బయల్దేరాను. ఒక్కో ఇంటికి 75 ప్రశ్నలు. సగం ఇళ్లకు తాళాలే, పత్తి ఏరే రోజులు కదా. ఉన్న ఒక ముసలాయన తన ప్రశ్నలు ముందు అడిగాడు: నేనెవరి బిడ్డను, మావాళ్లేమైతరు, ఈ కాగితం రాస్తే పింఛన్ పెరుగుతదా. చీకటి పడేవేళకు చేల నుంచి జనం వస్తుంటే మళ్లీ మొదటి వీధికొచ్చాను.

ఒకింట్లో తల్లి చెబుతోంది, నేను రాస్తున్నాను. కొడుకు వ్యవసాయం. కూతురు బీఈడీ. "ఏం చేస్తది అమ్మా?" అన్నాను. "ఏం చేస్తలేదు మేడం. ఊకనే ఉంటది. పేటల ప్రైవేట్ బడికి పోయొస్తది." అప్పుడే స్కూలు బస్సు దిగి వచ్చిన ఆ పిల్ల చేతిలో దిద్దాల్సిన నోట్సుల సంచీ ఉంది. గుమ్మంలోనే నిలబడి విన్నది, ఏమీ అనలేదు. మా అమ్మ గుర్తొచ్చి నాకు ఒళ్లు మండింది. పెద్దామెను ఏమనగలను? ప్రైవేటు టీచర్ అని రాసి, రాసింది ఇద్దరికీ పైకి చదివి వినిపించాను. తల్లి "అట్లెందుకు రాసిండ్రు, రేషన్ కార్డు పోతదా?" అని భయపడింది. పోదని నచ్చజెప్పడానికి మిగతా ప్రశ్నలన్నిటికన్నా ఎక్కువ సేపు పట్టింది.

పిల్ల నన్ను సాగనంపడానికి బయటికొచ్చింది. టెట్‌కు, అదే టీచర్ అర్హత పరీక్షకు, దరఖాస్తు పెట్టావా అంటే లేదంది. మొన్నటి పరీక్షలో కొద్దిలో పోయిందట, స్కూల్లో యూనిట్ టెస్టుల పేపర్లు దిద్దుతూ ఈసారి సంగతే పట్టించుకోలేదట. "రేపే ఆఖరి తేదీ," అన్నాను. అరుగు మీద కూర్చుని నా ఫోన్‌లోనే దరఖాస్తు తెరిచాం. ఫీజు దగ్గర ఓటీపీ వాళ్ల అన్న నంబరుకు పోయింది. ఆయనేమో వడ్లకు కావలిగా వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌లో ఉన్నాడు. చివరి ఆటో హారన్ కొడుతుంటే మిగతాది ఎట్లా నింపాలో చెప్పి పరుగెత్తాను.

ఇంటికొచ్చి తింటుంటే వాట్సాప్‌లో రసీదు పంపింది. పేపర్ టూ, సోషల్. నా దగ్గరున్న సైకాలజీ నోట్సు రేపు సర్వేకు వెళ్లేటప్పుడు తీసుకెళ్లాలి. ఇంకా తాళాలున్న ఇళ్లు ఆ వీధిలోనే ఎక్కువ.