ట్రైలర్‌కి గీజర్ పెట్టించాలా, వద్దా?

మూడు వారాలుగా ఇంట్లో ఇదే చర్చ. మా చిన్న క్యాంపింగ్ ట్రైలర్‌కి, అంటే బండి వెనక తగిలించుకుని తీసుకెళ్లే చిన్న ఇల్లులాంటి దానికి, గీజర్ లేదు. మొన్న అక్టోబర్‌లో అమెరికాలోని స్మోకీ మౌంటెన్స్ కొండల్లో ఉన్న ఎల్క్‌మాంట్ క్యాంప్‌గ్రౌండ్‌కి వెళ్లాం. అక్కడ ఫ్లష్ టాయిలెట్లు, చన్నీళ్ల కుళాయి ఉంటాయి గానీ షవర్లు ఉండవు. పొద్దున్నే ఆ నీళ్లు చేతి మీద పడేసరికి ప్రాణం జివ్వుమంది. "వేడినీళ్లు లేకపోతే ఈసారి నేను రాను" అని మా ఆవిడ అక్కడే తేల్చేసింది.

ఇంటికొచ్చి లెక్కలు మొదలుపెట్టాను. ప్రొపేన్ గ్యాస్‌తో నడిచే 6 గ్యాలన్ల గీజర్, అంటే దాదాపు 23 లీటర్లు. నిండితే నీళ్ల బరువే 23 కిలోలు. దాన్ని బిగించడానికి ట్రైలర్ గోడకి అడుగు పైచిలుకు కోత పెట్టాలి. బంగారంలాంటి గోడ! తలుచుకుంటేనే టెన్షన్. చలికాలానికి ముందే ఖాళీ చేయడం మర్చిపోయామా, నీళ్లు గడ్డకట్టి ట్యాంకు పగులుతుంది. ఇక స్నానం చేసిన నీళ్లు నేల మీద వదలకూడదు కాబట్టి, అవి పట్టడానికి ఇంకో ట్యాంకు.

వీడియో కాల్‌లో అమ్మ ఇదంతా విని, "ఒరేయ్, స్టవ్వుందిగా? గిన్నెడు నీళ్లు మరగబెట్టి బకెట్లో తొరిపితే సరిపోదూ?" అంది. తొరపడం! అంటే మరిగిన నీళ్లలో చన్నీళ్లు కలిపి స్నానానికి సరిపడా వేడికి తేవడం. ఆ మాట విని ఎన్నేళ్లయిందో.

ప్రస్తుతానికి ఒక పెద్ద డేగిసా, ఒక మగ్గు కొన్నాను. మా ఆవిడ ఆ డేగిసా వైపు చూసిన చూపు చూశాక, ఫోన్‌లో గీజర్ ధరల పేజీ మాత్రం ఇంకా మూయలేదు.